చవక తుపాకీ... చక్కని గురి!

ఉదయగిరి పేరు చెప్పగానే ముందు దుర్గం గుర్తొస్తుంది. ఆ తర్వాత చెక్క చెంచాలు. భౌగోళిక గుర్తింపు పొందిన ఆ చెంచాలు చెక్కేవారికి ఓ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు... చెక్క ఉన్నచోట ఉన్నట్టు ఉండదు. వానాకాలంలో ఉబ్బుతుంది. ఎండలకు కుంచించుకుపోతుంది. సరిగా ఆరకపోతే వంకర తిరుగుతుంది. చెంచా వంకరపోతే పులుసు ఒలుకుతుంది, అంతే. అదే తుపాకీ చెక్క అయితే? నిన్న పదిలో పడిన గుండు ఇవాళ ఎనిమిదిలో పడుతుంది!

ఆత్మకూరు, ఉదయగిరి లాంటి ఊళ్ల పిల్లల్లో చాలామంది .22 తుపాకీని మొదటిసారి పట్టుకునేది ఎన్‌సీసీ క్యాంపులోనే. పాతిక గజాల దూరంలో లక్ష్యం. ఐదు గుళ్లు. అవి ఎంత దగ్గర దగ్గరగా పడితే అంత మంచి మార్కు. అక్కడ పుట్టిన సరదా ఇంటికి చేరేసరికి నాన్న గుండెల్లో రాయి పడుతుంది. ఎందుకంటే అంతర్జాతీయ పోటీల్లో వాడే విదేశీ రైఫిల్ ధర లక్షల్లో ఉంటుంది. కానీ అంతలోనే నిరాశ పడక్కర్లేదు. సాదాసీదా తుపాకీ గురిని కూడా చాలావరకు మెరుగుపరచుకోవచ్చు. అందులో సగం పని ఇంట్లో, పెద్దగా ఖర్చు లేకుండా అయ్యేదే.

అంచులోనే మందు

.22 తూటాను 'రిమ్‌ఫైర్' అంటారు. నిప్పు రగిలించే మందు దాని అడుగున మధ్యలో కాకుండా చుట్టూ అంచులో ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే పిన్ను వచ్చి ఆ అంచును కొడుతుంది. 1887లో అమెరికాలో పుట్టిన '.22 లాంగ్ రైఫిల్' తూటానే నేటికీ 50 మీటర్ల ఒలింపిక్ రైఫిల్ పోటీలో వాడుతున్నారు. గుండు బరువు సుమారు రెండున్నర గ్రాములు.

ఆ పోటీలో పది పాయింట్లు తెచ్చే వలయం ఎంతుంటుందో తెలుసా? అడ్డంగా 10.4 మిల్లీమీటర్లు. చిటికెన వేలి గోరంత! 50 మీటర్ల అవతల నుంచి అందులో కొట్టాలి. గంటకు 16 కిలోమీటర్ల వేగంతో పక్కగాలి వీస్తే చాలు, గుండు సుమారు రెండు సెంటీమీటర్లు పక్కకు పోతుంది. అంత సున్నితమైన లెక్కలో తుపాకీ ప్రతిసారీ ఒకేలా ప్రవర్తించడమే అసలు సంగతి. ఖరీదైన రైఫిల్ చేసే పనీ అదే. చవక తుపాకీకి ఆ క్రమశిక్షణ మనం నేర్పుకోవాలి.

ఇంట్లో ఏం చేయొచ్చు?

ఏ పని మొదలుపెట్టినా ముందు తుపాకీలో తూటా లేదని ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు.

మరలు: తుపాకీ యంత్రభాగాన్ని చెక్కకు పట్టి ఉంచే మరలు వదులైతే గుళ్లు చెల్లాచెదురవుతాయి. మరీ బిగించినా చెక్క నలిగి ఇనుము మీద ఒత్తిడి పెడుతుంది. ఎప్పుడు బిగించినా ఒకే బిగువు ఉండాలి. దూరదర్శిని బిగించిన మరలకూ ఇదే సూత్రం.

నోటు పరీక్ష: చాలా రైఫిళ్లలో గొట్టం చెక్కను తాకకుండా ఉండాలి. పది రూపాయల నోటును రెంటి మధ్యా పెట్టి వెనక్కి లాగి చూడండి. ఎక్కడైనా పట్టేసిందంటే అక్కడ చెక్క ఉబ్బి గొట్టాన్ని నెడుతోందన్నమాట. వానలు పడ్డాక మరోసారి చూడాలి.

శుభ్రం: మూతి వైపు నుంచి ఇనుప కడ్డీ దూర్చి రుద్దడం చాలామంది చేసే పొరపాటు. గొట్టం మూతి అంచు గీసుకుపోతే గుండు బయటికొచ్చే క్షణంలో వాయువు ఒకవైపే ఎక్కువగా తన్ని దాన్ని దారి తప్పిస్తుంది. వెనుక వైపు నుంచే మెత్తగా తుడవాలి. అతిశుభ్రం కూడా పనికిరాదు. తుడిచిన తర్వాత మొదటి కొన్ని గుళ్లు పక్కకు పోవడం మామూలే. గుండు మీది మైనం గొట్టంలో మళ్లీ పలచగా పట్టాకే గురి కుదురుకుంటుంది.

ఉత్తి సాధన: రోజూ పావుగంట తూటా లేకుండా గురిపెట్టి, ఊపిరి నిలిపి, ట్రిగ్గర్ మెల్లగా నొక్కడం. పైసా ఖర్చు లేదు, ఫలితం మాత్రం అన్నిటికన్నా ఎక్కువ. అయితే పాత రిమ్‌ఫైర్ తుపాకుల్లో లోపల ఏమీ లేకుండా నొక్కితే పిన్ను గొట్టం అంచుకు తగిలి గుంట పడుతుంది. సాధన కోసం అమ్మే ఉత్తుత్తి తూటా వాడాలి.

తూటాల్లోనే తేడా

ఇక రేంజ్‌లో చేయాల్సిన పని ఒకటుంది. ఒక తుపాకీకి నచ్చిన తూటా పక్క తుపాకీకి నచ్చదు. ఒకే కంపెనీ తూటాల్లో కూడా ఒక్కో విడత ఒక్కోలా పోతుంది. పెద్ద క్రీడాకారులు తూటా కంపెనీల దగ్గరికే తమ రైఫిల్ తీసుకెళ్లి, ఏ విడత కుదిరిందో పరీక్షించి కొనుక్కుంటారు. మామూలు వాళ్లూ ఇది చేయొచ్చు. దొరికిన రెండుమూడు రకాల్ని తెచ్చి, ఇసుక సంచి మీద తుపాకీ ఆన్చి, ఒక్కోదానితో ఐదేసి గుళ్లు పేల్చి చూడాలి. ఏవి దగ్గరగా పడ్డాయో ఆ రకమే కొనాలి. ధ్వని వేగం కన్నా కాస్త తక్కువగా వెళ్లే రకాలే గురికి మంచివి. ధ్వని వేగాన్ని దాటి మళ్లీ తగ్గే గుండు మధ్యలో తడబడుతుంది.

చట్టం ఏమంటుంది?

ఇక్కడే జాగ్రత్త! .22 రైఫిల్‌కు లైసెన్సు తప్పనిసరి. 21 ఏళ్లు నిండనివారికి అది రాదు. క్రీడా శిక్షణలో మాత్రం చిన్నవాళ్లు పెద్దల పర్యవేక్షణలో పేల్చేందుకు వీలుంది. లైసెన్సు లేకుండా తుపాకీలను మార్చడం, మరమ్మతు చేయడం 1959 నాటి ఆయుధాల చట్టం కింద నేరం. గొట్టం కోయడం, ట్రిగ్గర్ తేలిక చేయడం, చెక్క తొలవడం వంటివి లైసెన్సున్న తుపాకీ మెకానిక్ చేయాల్సినవి. పేల్చడమూ రేంజ్‌లోనే. ఇంట్లో తుపాకీ ఒకచోట, తూటాలు మరోచోట తాళం కింద ఉండాలి. పిల్లలున్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం.

స్థలం అమ్మారు...

2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచిన గగన్ నారంగ్ మన హైదరాబాద్‌లో పెరిగినవాడే. కొడుక్కి రైఫిల్ కొనడానికి తల్లిదండ్రులు స్థలం అమ్ముకున్నారు. 2024 ఆగస్టు 1న పారిస్‌లో .22 రైఫిల్‌తోనే 50 మీటర్ల మూడు భంగిమల పోటీలో కాంస్యం తెచ్చిన స్వప్నిల్ కుశాలే మహారాష్ట్రలోని ఓ పల్లెటూరి బిడ్డ. ఆ పోటీలో భారత్‌కు అదే తొలి పతకం.

అందరి ఇళ్లలో అమ్మడానికి స్థలం ఉండదు. పోటీల్లో ఎదిగాక ఖరీదైన రైఫిల్ అవసరమూ రావచ్చు. కానీ మొదటి మెట్టు మీదే దానికోసం అప్పు చేయక్కర్లేదు. మరలు సరిచూసుకుని, తుపాకీకి నచ్చిన తూటా ఎంచుకుని, రోజుకో పావుగంట సాధన చేసే అబ్బాయో అమ్మాయో ఉంటే... చవక తుపాకీ గుళ్లు కూడా దగ్గరికి చేరతాయి. ఖరీదైన తుపాకీ కొనాలా వద్దా అన్న మాట అప్పుడు ఆలోచించవచ్చు.