వెళ్ళేది నేర్పడానికి కాదు, నేర్చుకోవడానికి



ఈ మధ్య ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘస్థుడొకరు నా దగ్గరకు వచ్చారు. ఆయన కుమార్తె ఇక్కడ బి.డి.ఎస్. ముగించి, అమెరికాలో ఎం.పి.హెచ్., అంటే ప్రజారోగ్యంలో మాస్టర్స్ చదువుతోంది. "అయ్యగారూ, అప్పు చేసి అమెరికా పంపితే, ఇప్పుడు మూడు వారాల కోర్సుకు మహారాష్ట్రలో ఏదో పల్లెప్రాంతానికి వెళ్తానంటోంది. దానికి మళ్ళీ ఫీజట! ఇదేం చదువండీ?" అన్నారు. ఈ ప్రశ్న ఇంకా కొన్ని ఇళ్ళలో ఉండవచ్చు గనుక ఇక్కడ వివరిస్తున్నాను.

ప్రజారోగ్యం అంటే ఒక్క రోగికి మందివ్వడం కాదు, ఊరంతా రోగాల పాలు కాకుండా చూడడం. మంచినీళ్ళు, తిండి, మరుగుదొడ్లు, కులం, ఆడపిల్లల పెళ్ళి వయసు, ఇవన్నీ అందులో పాఠాలే. తరగతి గదిలో వీటిని కొంతవరకే చెప్పగలరు. అందుకే అనేక విశ్వవిద్యాలయాలు తమ విద్యార్థులను కొన్ని వారాలపాటు వేరే దేశానికి పంపుతాయి. చాలాచోట్ల దీనికి క్రెడిట్లు కూడా ఇస్తారు.

ఆ అమ్మాయి వెళ్ళాలనుకున్నది జాంఖేడ్‌కు. వేలూరు సి.ఎం.సి.లో వైద్యం చదివిన రజనీకాంత్ ఆరోలే, మేబెల్ ఆరోలే అనే క్రైస్తవ దంపతులు, అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో ప్రజారోగ్యం చదువుకుని, 1970లో ఆ కరువు ప్రాంతంలో సేవ ప్రారంభించారు. అక్కడి ప్రజలకు మొదట కావలసింది మందులు కాదు, నీళ్ళు, తిండి. ఆ దంపతులు ముందు ఆ మాట విన్నారు. తర్వాత పల్లెల్లోని స్త్రీలకు శిక్షణ ఇచ్చారు. వారిలో చాలామంది చదువు రానివారు, అణగారిన కులాలవారు. పురుడు పోయడం, పసిబిడ్డల బరువు చూడడం, విరేచనాలైతే ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు పట్టించడం వారు నేర్చుకున్నారు. పసిపిల్లల మరణాలు బాగా తగ్గాయి. 1979లో ఆ దంపతులకు మెగసెసె పురస్కారం లభించింది. మన ఊళ్ళలోని ఆశా కార్యకర్తల పథకానికి ప్రేరణ ఇచ్చిన వాటిలో జాంఖేడ్ ఒకటి.

విదేశీ విద్యార్థులు అక్కడికి వెళ్తే, వారికి నేర్పేవారిలో ఆ పల్లె స్త్రీలు కూడా ఉంటారు. బడి ముఖం చూడని తల్లి దగ్గర మాస్టర్స్ విద్యార్థిని శిష్యురాలవుతుంది. ఫీజు కట్టేది ఈ పాఠానికే.

అయితే అన్ని కోర్సులూ ఇలాంటివి కావు. పేదవాళ్ళ పక్కన ఫోటోలు దిగి, రెండు ఊళ్ళు చూసి వచ్చేవీ ఉన్నాయి. అర్హత లేని విద్యార్థి చేత రోగికి సూది వేయించడం మరీ ప్రమాదం. కాబట్టి డబ్బు కట్టేముందు తల్లిదండ్రులు ఇవి అడగాలి: క్రెడిట్లు వస్తాయా? పాఠం చెప్పేది ఎవరు? స్థానిక భాష తెలిసినవారు తోడుంటారా? ఆరోగ్య బీమా, టీకాల బాధ్యత ఎవరిది? ఫీజులో ఆ ఊరికి చేరేదెంత? దీనికోసం మళ్ళీ అప్పు చేయాల్సి వస్తే, ముందు విశ్వవిద్యాలయం సాయం చేస్తుందేమో కనుక్కోవాలి.

మన సంఘాలకు కూడా విదేశాల నుండి వారం రోజుల బృందాలు వస్తుంటాయి. వారు వెళ్ళాక మన ఆశా అక్కకు, మన పి.హెచ్.సి.కి ఏం మిగిలిందని మనమూ అడగాలి.

నెహెమ్యా యెరూషలేముకు వచ్చి మూడు రోజులున్నాడు. రాత్రివేళ ఎవరికీ చెప్పకుండా కూలిన గోడలను చూసుకుంటూ తిరిగాడు. కట్టుదామన్న మాట ఆ తర్వాతే ఎత్తాడు. కొద్ది రోజులకు వెళ్ళేవారందరికీ అది మంచి మాదిరి.

ఆ తండ్రి ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. అయితే ఈ ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకుని వెళ్ళారు. ఆ రాత్రే అమ్మాయికి ఫోన్ చేశారట. వారి కుటుంబం కోసం ప్రార్థించండి.