పాతబస్తీ రేవు బందరులో ఉంది

మృగశిర కార్తె వచ్చిందంటే బేగంబజార్ చేపల మార్కెట్‌లో కాలు పెట్టే సందుండదు. దూద్‌బౌలిలో మొదలై నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి మారిన చేప ప్రసాదం కోసం జనం బారులు తీరేదీ అప్పుడే. ఏటా జూన్ 7, 8 తేదీల ప్రాంతంలో వచ్చే ఈ సంబరంలో హైదరాబాదీల సంచుల్లో పడేవి ఎక్కువగా చెరువు చేపలే. కొర్రమీను, రవ్వ, బొచ్చె. సముద్రపు వంజరం, చందువ తాజాగా దొరకడం కష్టం. తూర్పు తీరమంతా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మర బోట్ల వేటకు నిషేధం మరి.

ఆ 61 రోజులూ బోట్లు కట్టేసి ఉండే రేవుల్లో హైదరాబాదు పాతబస్తీకి పాత చుట్టరికం ఉన్నది మచిలీపట్నం, అదే బందరు. జాతీయ రహదారి 65 మీద వెళ్తే 340 కిలోమీటర్ల దూరం.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా హైదరాబాదుకు పునాది వేసే నాటికే గోల్కొండ నుంచి బందరుకు పోయే దారి బండ్లతో, బిడారులతో కిటకిటలాడుతోంది. చార్మినార్ ఆ దారి మీదే లేచిందని చరిత్రకారులు చెబుతారు. 1606లో డచ్చివారు బందరులో కొఠీ పెట్టుకోవడానికి ఫర్మానా ఇచ్చింది కూడా కులీ కుతుబ్ షాయే. 1611లో ఇంగ్లీషువారి ఓడ ‘గ్లోబ్’ వచ్చింది. వజ్రాలు, కలంకారీ అద్దకాలు, నీలిమందు, కోనసముద్రం ఉక్కు ఈ రేవు నుంచే పెగూకు, సయాముకు, పర్షియాకు తరలిపోయేవి. మక్కా యాత్రికులూ ఇక్కడే ఓడ ఎక్కేవారు. హయత్ బక్షీ బేగం కట్టించిన మసీదు, సరాయి హయత్‌నగర్‌లో ఇప్పటికీ ఆ దారి పక్కనే ఉన్నాయి. పాతబస్తీ వైభవంలో గోల్కొండ గనులకు ఎంత వాటా ఉందో బందరు అలలకూ అంత వాటా ఉంది.

ఇంత పేరున్న రేవులో ఓడ ఒడ్డుకు వచ్చి ఆగే వీలు ఎన్నడూ లేదు. అక్కడి సముద్రం చాలా దూరం వరకు మెరక. ఓడలు కొన్ని మైళ్ల అవతల లంగరు వేసుకుని నిలబడితే, సరుకునూ మనుషులనూ చిన్న పడవల మీద చేరవేసేవారు. ఆ పనికి వాడిన మసులా పడవలో ఒక్క ఇనుప మేకు ఉండదు. పలకకూ పలకకూ అంచుల్లో బెజ్జాలు పెట్టి, కొబ్బరి పీచు తాళ్లతో కుట్టేవారు. మేకులు కొట్టిన పడవ అల దెబ్బకు పగులుతుంది. కుట్టిన పడవ సాగి, వంగి, మళ్లీ సర్దుకుంటుంది. పడవ అంచున నడుం వంచి తాడు బిగించిన ఆ వడ్రంగుల పేర్లు ఏ ఫర్మానాలోనూ లేవు. గోల్కొండ వ్యాపారం మాత్రం వాళ్ల కుట్ల మీదే నడిచింది.

ఆ తర్వాత రేవు చేతులు మారుతూ పోయింది. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది. 1750లో బందరు ఫ్రెంచివారికి దక్కింది, 1759లో ఇంగ్లీషువారు పట్టుకున్నారు. అదే ఏడాది నిజాం వంశపు పాలకుడు సలాబత్ జంగ్ దాన్ని వాళ్లకు రాసిచ్చాడు. 1766 ఒప్పందంతో మొదలై తీరప్రాంతపు ఉత్తర సర్కారులన్నీ పోయాక నిజాం రాజ్యానికి తీరమంటూ మిగల్లేదు. ఆ లోటు ఎంత కాలం బాధించిందంటే, 1947 ప్రాంతంలో కూడా నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ ప్రభుత్వం గోవాలోని మర్మగోవా రేవు కోసం పోర్చుగీసువారితో మంతనాలు సాగించింది. ఈలోగా 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరును ముంచేసి, 30,000 మంది దాకా ప్రాణాలు తీసింది. ఆ దెబ్బ నుంచి రేవు మళ్లీ తేరుకోలేదు.

ఇప్పుడు బందరులో బతికి ఉన్న రేవు గిలకలదిండి ఫిషింగ్ హార్బర్. ఉప్పుటేరు ఒడ్డున జెట్టీ, దాని వెంట ఒకదానికొకటి ఆనించి కట్టిన బోట్లు, వేలం పాటల హాలు. వారం పది రోజులు సముద్రంలో ఉండి వచ్చిన బోటు ఒడ్డుకు చేరగానే గంటల లెక్క మొదలవుతుంది. పెట్టెల్లోంచి చేప దిగాలి, రకాలుగా వేరు చేయాలి, పాట పాడాలి, ఐసు కొట్టి లారీకెక్కించాలి. తెల్లారే లోపు ఐసు దొరక్కపోతే వంజరం ధర సగానికి పడిపోతుంది. బోటుకు డీజిలు, మంచినీళ్లు, తిండి సామాను మళ్లీ నింపాలి, చిరిగిన వల అల్లాలి. వీటిలో ఏ ఒక్కటి ఆగినా మిగతావన్నీ ఆగుతాయి. చిన్న హార్బర్ నిర్వహణ అంటే ఇదే. పెద్ద రేవులకు వేర్వేరు శాఖలు, ఇంజనీర్లు, సొంత ఆదాయం ఉంటాయి. ఇక్కడ అన్నీ మత్స్యశాఖ బడ్జెట్‌లోని ఒకటి రెండు పద్దుల్లోకి సర్దుకోవాలి.

అన్నిటికంటే పెద్ద తలనొప్పి మొగ. ఉప్పుటేరు సముద్రంలో కలిసే ఆ ముఖద్వారంలో ఇసుక మేట వేస్తుంది. మర బోటు హాయిగా రావాలంటే అడుగున రెండు మీటర్ల నీరైనా ఉండాలి. ఈ తీరంలో పోటుకూ పాటుకూ తేడా మీటరు, మీటరున్నర మించదు కాబట్టి, మొగ కాస్త పూడినా బోట్లు పోటు కోసం బయట కాచుకోవాల్సిందే. సరుకు ఉన్న బోటు బయట నిలబడితే ఐసు కరుగుతుంది. తొందరపడి లోపలికి వస్తే అడుగు ఇసుకలో కూరుకుపోతుంది, పక్క నుంచి అల కొడితే తిరగబడుతుంది. అందుకే గిలకలదిండి మత్స్యకారుల నోట ఏళ్ల తరబడి వినిపించే కోరిక ఒక్కటే. మొగ పూడిక తీయండి.

ఈ ఇసుక ఎక్కడి నుంచి వస్తుంది? అది ఏడాది పొడవునా తీరం వెంబడి నడుస్తూనే ఉంటుంది. నైరుతి రుతుపవనాల అలలు తీరాన్ని ఏటవాలుగా తాకుతూ ఇసుకను ఉత్తరానికి నెడతాయి, ఈశాన్య రుతుపవనాలప్పుడు కొంత దక్షిణానికి తిరిగి వస్తుంది. లెక్క చూస్తే ఆంధ్ర తీరంలో నికరంగా ఇసుక ఉత్తరానికే పోతుంది. దారిలో మనిషి రాతి గోడ కడితే దక్షిణం వైపు ఇసుక పోగుపడుతుంది, ఉత్తరం వైపు తీరం కోతకు గురవుతుంది. చెన్నై ఇందుకు కళ్లెదుటి సాక్ష్యం. హార్బర్ గోడలు లేచాక దక్షిణాన మెరీనా బీచ్ వెడల్పయింది, ఉత్తరాన రాయపురం వైపు తీరం కోసుకుపోయింది. పుదుచ్చేరిలో 1980ల చివర్లో హార్బర్ గోడలు కట్టాక ఊరి బీచ్ కనుమరుగైంది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ నీటి అడుగున కట్టడం వేశాక గానీ అక్కడ ఇసుక మళ్లీ కనిపించలేదు.

విశాఖ ఇంజనీర్లు మరో దారి పట్టారు. 1933లో వైస్రాయి విల్లింగ్డన్ ప్రారంభించిన ఆ రేవు ముఖద్వారం పూడిపోకుండా, ‘జానస్’ సహా రెండు పాత ఓడలను రాళ్లతో నింపి డాల్ఫిన్స్ నోస్ దగ్గర ముంచేశారు. వాటి చాటున ఇసుక నిలబడితే డ్రెడ్జర్‌తో తోడి ఉత్తరాన వేయొచ్చని లెక్క. ఇవాళ్టికీ విశాఖలో రేవు దగ్గర తోడిన ఇసుకను ఆర్కే బీచ్ వైపు పోయడం అవసరమవుతూనే ఉంది. రేవు ఖర్చూ బీచ్ ఖర్చూ ఒకే పద్దులో ఉండాలని ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ ఈ తీరంలో మరొకటి లేదు. ఇసుక ఒకటే. రేవుకు అడ్డు, బీచ్‌కు ఊపిరి.

ఇందులో హైదరాబాదుకూ వాటా ఉంది. పాతబస్తీ అంచున పారే మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది, కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో పడుతుంది. బందరు చుట్టూ ఉన్న నేలంతా కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రే. అయితే మూసీకి అడ్డంగా 1920లో ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్, కృష్ణ మీద 1967లో నాగార్జునసాగర్, ఆ తర్వాత శ్రీశైలం వచ్చాయి. 1908 మూసీ వరద చూసిన నగరానికి ఆ జంట జలాశయాలు అత్యవసరం, సాగర్ నీళ్లు లక్షల ఎకరాలకు ప్రాణం. కానీ నీటితో పాటు రావాల్సిన ఇసుక, మన్ను ఆనకట్టల వెనకే ఆగిపోతున్నాయి. సముద్రానికి చేరే ఒండ్రు బాగా తగ్గిపోయింది, డెల్టా అంచులు పలుచోట్ల కోతకు గురవుతున్నాయి. రావాల్సిన ఇసుక రాదు, అడ్డు పడకూడని చోట మాత్రం ఉన్న ఇసుకే మేట వేస్తుంది. గిలకలదిండి మొగ దగ్గర కనిపించే కష్టం వెనక ఇంత పెద్ద కథ ఉంది.

బందరు పక్కనే మంగినపూడి బీచ్. అక్కడ కాలికి తగిలేది తెల్లటి ఇసుక కాదు, నల్లని బంకమన్ను కలిసిన నేల. సముద్రం మెత్తగా, మెరకగా ఉంటుంది. కార్తీక పౌర్ణమికి, మాఘ పౌర్ణమికి సముద్ర స్నానాల కోసం జనం పోటెత్తుతారు. మర్నాడు మిగిలేది పూలు, ప్లాస్టిక్ సీసాలు, తెగిన చెప్పులు, పాత బట్టలు. వీటిని ఎత్తేయాల్సిందే. కానీ ఎత్తే పద్ధతి ముఖ్యం. ఇసుక దిబ్బల మీద పాకే బాలబంద తీగ, సూదుల్లా గుచ్చుకునే రావణాసురుడి మీసాలు చూసేవాళ్లకు చెత్తలా కనిపించవచ్చు. గాలికి కొట్టుకుపోయే ఇసుకను పట్టి నిలిపేవి ఆ మొక్కలే. ట్రాక్టరుతో గీకేస్తే తీరం శుభ్రంగా కనిపిస్తుంది, మరుసటి తుపానుకు దిబ్బ కరిగిపోతుంది. ఊపిరి బిగపట్టి పని చేయాల్సిన మరో కాలం జనవరి నుంచి మార్చి. అప్పుడు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట ఒడ్డెక్కి, మూరెడు లోతు గుంట తీసి, వంద దాకా గుడ్లు పెడతాయి. ఏడెనిమిది వారాలకు గుడ్లు పగిలి బయటికొచ్చిన పిల్లలు వెలుతురు ఎటుంటే అటే పోతాయి. రోడ్డు మీద దీపాలు వెలుగుతుంటే సముద్రం వదిలి రోడ్డుకే వస్తాయి. ఆ నెలల్లో బీచ్‌లో యంత్రాలు ఆపడం, దీపాలకు తొడుగులు వేయడం, తెగిన వలముక్కలు ఏరివేయడం ఖర్చు లేని పనులు. అటవీశాఖ, స్థానిక యువకులు కృష్ణా తీరంలో గుడ్లను సేకరించి కాపాడుతున్నారు. వారికి మున్సిపాలిటీ, పంచాయతీలు తోడవడం తప్పనిసరి.

రేవు నిర్వహణలో మొగ తర్వాత ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేది అగ్ని భద్రత. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మంటలు లేచి దాదాపు 40 బోట్లు బూడిదయ్యాయి. పక్కపక్కనే కట్టిన బోట్లు, వాటి నిండా డీజిలు, వంటగ్యాసు సిలిండర్లు, నైలాన్ వలలు. ఒకటి అంటుకుంటే తాడు తెంచి పక్కదాన్ని తప్పించే చోటు కూడా ఉండదు. ఒక బోటు అంటే ఒక యజమాని ఆస్తి మాత్రమే కాదు, ఏడెనిమిది కళాసీల కుటుంబాల అన్నం. బోట్ల వరుసల మధ్య ఖాళీ దారి, జెట్టీ పొడవునా నీటి పైపు, రాత్రి కాపలా. మూడూ చిన్న ఖర్చులే. చిన్న హార్బర్లలో ముందుగా కోత పడేదీ వాటికే.

మళ్లీ ఆ 61 రోజుల దగ్గరికి రావాలి. చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట ఆపుతారు, మత్స్యకారులకు ప్రభుత్వం భృతి ఇస్తుంది. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో అది 20,000 రూపాయలకు పెరిగింది. ఆ రెండు నెలలూ రేవుకు దొరికే ఏకైక విరామం. బోట్లను ఒడ్డుకు లాగి కలప మార్చే కాలమూ అదే, మొగ పూడిక తీయడానికి వాతావరణం అనుకూలించే చివరి గడువూ అదే. జూన్ 15 తెల్లారగట్ల మొదటి బోటు బయలుదేరే వేళకు మొగ లోతుగా ఉండాలంటే టెండరు జనవరిలోనే పిలవాలి. వేసవి మధ్యలో కాగితాలు కదిలితే డ్రెడ్జర్ వచ్చేసరికి గాలి మారుతుంది, తోడిన ఇసుక వెనక్కి వచ్చేస్తుంది.

రాష్ట్రంలో కొత్త ఫిషింగ్ హార్బర్ల జాబితాలో జువ్వలదిన్నె, నిజాంపట్నం, ఉప్పాడలతో పాటు మచిలీపట్నం కూడా ఉంది. మంగినపూడి పక్కనే తపసిపూడిలో పెద్ద రేవు కూడా కడుతున్నారు. దానికి 2008 నుంచి 2023 మే దాకా ఒకటికి మించి శంకుస్థాపనలు జరిగాయి. సముద్రంలోకి రాతి గోడలు సాగుతున్నాయి. ఆ గోడలకు ఉత్తరాన ఉన్న తీరాన్ని ఏటా రెండుసార్లు, రుతుపవనాలకు ముందూ తర్వాతా, కొలిచి ఆ లెక్కలను ఊరి పంచాయతీల్లో అతికించాలి. గోడ దగ్గర పోగయ్యే ఇసుకను అవతలికి దాటించే ఖర్చు రేవు ఆదాయంలోంచే రావాలి. గిలకలదిండి మొగ నిర్వహణ కమిటీలో ఇంజనీరుతో పాటు బోటు నడిపే సరంగుకూ ఒక కుర్చీ వేయాలి. ఏ గాలికి ఏ వైపున మేట లేస్తుందో, ఏ నెలలో ఎన్ని మూరల నీరుంటుందో రోజూ మొగ దాటే సరంగే ముందుగా చెప్పగలడు.