వీడియో ఎడిటింగ్‌కి రెండో మానిటర్ పెడుతున్నారా? ఏ స్క్రీన్‌లో ఏది ఉండాలో ముందు చూసుకోండి

ఎడిటింగ్ చేసే ఫ్రెండ్స్ నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "రెండో మానిటర్ పెడితే పని ఫాస్ట్ అవుతుందా?" ఎక్స్‌పోర్ట్ అయితే ఫాస్ట్ అవ్వదు. అది ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డ్ చేసే పని. పెరిగేది మీరు పని చేసుకునే చోటు. అది ఎంత పెరుగుతుందో ముందు చూద్దాం.

15.6 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ల్యాప్‌టాప్‌లో 1920×1080 పిక్సెల్స్ ఉంటాయి. కానీ అక్షరాలు మరీ చిన్నగా కనిపించకుండా విండోస్ మామూలుగా 125% స్కేలింగ్ పెడుతుంది. అంటే మీకు నిజంగా దక్కే చోటు 1536×864 మాత్రమే. అందులోనే క్లిప్పులుండే బిన్, సోర్స్, ప్రోగ్రామ్, ఎఫెక్ట్స్, కలర్ ప్యానెల్, కింద టైమ్‌లైన్ అన్నీ ఇరుక్కోవాలి. పెళ్లి వీడియోలో మూడు కెమెరాలు, సన్నాయి మేళం ఆడియో, పాటల ట్రాక్‌లు పడితే ఇక టైమ్‌లైన్‌ని పైకీ కిందకీ లాగుతూ కూర్చోవడమే. అదే 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ అయితే 100% స్కేలింగ్‌లో హాయిగా చదవొచ్చు, 1920×1080 మొత్తం మీకే. రెండూ కలిపితే ల్యాప్‌టాప్ ఒక్కదానికంటే రెండున్నర రెట్లు దాటుతుంది.

ఇక నేను చేసిన తప్పు చెప్తాను. మొదట్లో ఒక పాత సెకండ్ హ్యాండ్ టీఎన్ ప్యానెల్ మానిటర్ దొరికింది. ల్యాప్‌టాప్ కంటే పెద్దది కదా అని వీడియో ప్రివ్యూ మొత్తం దాని మీదే పెట్టేశాను. రంగులు కొంచెం వెలిసినట్టు అనిపించి ఒక పెళ్లి వీడియోకి శాచురేషన్ పెంచుకుంటూ పోయాను. డెలివరీ ఇచ్చిన సాయంత్రమే ఫోన్ వచ్చింది. వాళ్ల మొబైల్‌లో పెళ్లికూతురి ముఖం పసుపు రాసినట్టే ఉంది. అది మంగళస్నానాల షాట్ కూడా కాదు, రిసెప్షన్‌ది! వీడియోలో తప్పు లేదు, నేను నమ్మిన స్క్రీన్‌లో ఉంది. రెండు గంటల వీడియోకి కలర్ మొత్తం మళ్లీ చేసిచ్చాను, ఊరికే.

కాబట్టి బొమ్మ ఎప్పుడూ మంచి ప్యానెల్ మీదే ఉండాలి, అది చిన్నదైనా సరే. ఐపీఎస్ ప్యానెల్, ఎస్‌ఆర్‌జీబీ 99 లేదా 100% అని స్పెసిఫికేషన్స్‌లో రాసి ఉందా చూడండి. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో "45% ఎన్‌టీఎస్‌సీ" అని ఉంటుంది. దాని మీద కట్ చేసుకోవచ్చు గానీ కలర్ చూసి నిర్ణయాలు తీసుకోవద్దు. రెండు స్క్రీన్‌లూ ఒకేలా కనపడాలని సెట్టింగ్స్‌తో కుస్తీ పట్టకండి, వేర్వేరు ప్యానెల్స్ అచ్చం ఒకేలా ఎప్పుడూ రావు. దేన్ని నమ్మాలో తెలిస్తే చాలు.

ఇంట్లో ఉన్న టీవీని పెట్టుకోవచ్చా? పెట్టుకోవచ్చు. కానీ టీవీలో పిక్చర్ మోడ్ వివిడ్‌లో ఉంటే పైన చెప్పిన కథే, ఈసారి తిరగేసి జరుగుతుంది. నలుపు బూడిద రంగులా కనిపిస్తే గ్రాఫిక్స్ కార్డ్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్ 'ఫుల్', 'లిమిటెడ్' మార్చి చూడండి, టీవీలోనూ అదే ఉండాలి. 4కే టీవీ అయితే ల్యాప్‌టాప్ పోర్ట్ కూడా చూసుకోవాలి. హెచ్‌డీఎంఐ 1.4 అయితే 4కే 30 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది, మౌస్ ఈడ్చుకుంటూ వస్తున్నట్టు ఉంటుంది. 60 హెర్ట్జ్‌కి 2.0 కావాలి.

కనెక్షన్ దగ్గర ఇంకో రెండు మాటలు. యూఎస్‌బీ-సీ పోర్ట్ ఉన్నంత మాత్రాన బొమ్మ రాదు, దానికి డిస్‌ప్లేపోర్ట్ సపోర్ట్ ఉండాలి. డెస్క్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డ్ ఉంటే కేబుల్ దానికే పెట్టండి, మదర్‌బోర్డ్‌కి కాదు. మ్యాక్‌బుక్ ఎయిర్ ఎం1, ఎం2 వాళ్లకి బయట ఒక్క మానిటరే వస్తుంది. ల్యాప్‌టాప్ స్క్రీన్‌తో కలిపి రెండు అయిపోయాయి కాబట్టి సరిపోతుంది.

సెట్టింగ్ ఈజీ. విండోస్ కీ + పీ నొక్కి 'ఎక్స్‌టెండ్' సెలెక్ట్ చేయండి. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో స్క్రీన్ బొమ్మలని మీ టేబుల్ మీద ఉన్న వరుసలోనే జరపండి, లేకపోతే మౌస్ ఎటో పోతుంది. ప్రీమియర్ ప్రోలో కంట్రోల్ కీ పట్టుకుని ప్యానెల్ పేరుని బయటికి లాగితే విడి విండో అవుతుంది, దాన్ని రెండో స్క్రీన్‌లోకి తోసేయడమే. ఫుల్ స్క్రీన్ ప్రివ్యూ కావాలంటే ప్రిఫరెన్సెస్‌లో ప్లేబ్యాక్‌కి వెళ్లి 'ఎనేబుల్ మెర్క్యురీ ట్రాన్స్‌మిట్' టిక్ చేసి మానిటర్‌ని ఎంచుకోండి. క్రోమ్ క్లిక్ చేయగానే ప్రివ్యూ మాయమైతే కంగారు పడకండి, అక్కడే 'డిజేబుల్ వీడియో అవుట్‌పుట్ వెన్ ఇన్ ద బ్యాక్‌గ్రౌండ్' టిక్ తీసేయండి. డావిన్సీ రిజాల్వ్‌లో వర్క్‌స్పేస్ మెనూలో 'డ్యూయల్ స్క్రీన్' ఆన్ చేస్తే చాలు, ఫ్రీ వెర్షన్‌లోనూ పనిచేస్తుంది. కాకపోతే ప్రీమియర్‌లో ఉన్నంత స్వేచ్ఛగా ప్యానెల్స్ జరపనివ్వదు.

ఇప్పుడు నా టేబుల్ మీద ఐపీఎస్ మానిటర్ ఎదురుగా ఉంటుంది, అందులో ప్రోగ్రామ్, టైమ్‌లైన్. ల్యాప్‌టాప్ ఎడమ పక్కన, కొంచెం ఎత్తు మీద. దాంట్లో బిన్, ఎఫెక్ట్స్, ఆడియో మీటర్లు. మొదట టైమ్‌లైన్‌ని పక్క స్క్రీన్‌లో పెడితే వారానికే మెడ పట్టేసింది. ఎక్కువసేపు చూసేది ఎదురుగానే ఉండాలి.

లేఅవుట్ కుదిరాక విండో మెనూలో వర్క్‌స్పేసెస్‌కి వెళ్లి కొత్త పేరుతో సేవ్ చేయండి. ల్యాప్‌టాప్ ఒక్కటే పట్టుకుని ఊరెళ్లేటప్పటికి ఇంకొకటి, ఒక్క స్క్రీన్ లేఅవుట్, సేవ్ చేసి ఉంచుకోండి. లేదంటే అక్కడ ఓపెన్ చేసినప్పుడు సగం ప్యానెల్స్ కనపడక వెతుక్కోవాలి. అలా జరిగినా 'రీసెట్ టు సేవ్డ్ లేఅవుట్' కొడితే అన్నీ తిరిగొస్తాయి. కరెంట్ పోయే చోటైతే మానిటర్‌ని కూడా యూపీఎస్‌కి కలపండి. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది, మానిటర్‌కి ఉండదు కదా.