హ్యూగో నోటూ, గుండుసూది చిల్లులూ

విక్టర్ హ్యూగో బొమ్మ ఉన్న 500 ఫ్రాంకుల పాతనోటు చేతికొస్తే నేను ముందు ముఖం చూడను. వెలుతురుకు ఎదురుగా పట్టి అంచు దగ్గర చిల్లులున్నాయేమో చూస్తాను. ఒకప్పుడు ఫ్రాన్సు బ్యాంకుల్లో కట్టలు విడిపోకుండా నోట్లకు గుండుసూదులు గుచ్చేవారు. క్యాష్ కౌంటర్లో కూర్చుని రిటైరైనవాణ్ణి, ఆ చిల్లులు నాకు పరాయివి కావు. మన దగ్గరా నోట్ల కట్టలకు స్టేపుల్ పిన్నులు కొట్టేవాళ్లం. తర్వాత రిజర్వు బ్యాంకు ఆ అలవాటు మాన్పించింది.

ఫ్రెంచివాళ్లు నోటు మీద రచయిత ముఖం ఒక్కటే వేసి ఊరుకోలేదు. ఆయన బతుకుతో ముడిపడిన చోటునూ వెనకాల గీశారు. 1954 నాటి హ్యూగో నోటుకు ఒకవైపు ఆయన్ను సమాధి చేసిన పాంథియోన్, రెండోవైపు ఆయన కాపురమున్న వోజ్ కూడలి. 1963 నాటి 10 ఫ్రాంకుల నోటు మీద వోల్టేర్, వెనకాల ఆయన తలదాచుకున్న సిరే కోట. 1981 నాటి 200 ఫ్రాంకుల మీద మాంటెస్క్యూ, ఆయన పుట్టిన లా బ్రెద్ కోట. నాగయ్య నటించిన ‘బీదలపాట్లు’ (1950) చూసిన మన పెద్దవాళ్లకు హ్యూగో కొత్తవాడేం కాదు. ఆ సినిమాకు మూలం ఆయన నవలే.

సేకరించేవాళ్లకు హ్యూగో ఒక్కడే మూడు మెట్లు చూపిస్తాడు. 1960 జనవరి 1న నూరు పాత ఫ్రాంకులు ఒక కొత్త ఫ్రాంకు అయ్యాయి. ఆ మార్పు కోసం పాత 500 నోటు మీదే ‘5 కొత్త ఫ్రాంకులు’ అని అదనంగా ముద్ర వేశారు. తర్వాత అదే బొమ్మతో 5 కొత్త ఫ్రాంకుల నోటు వచ్చింది. అదనపు ముద్ర నోటు కొద్దికాలమే చెలామణిలో ఉంది కాబట్టి మంచి స్థితిలో దొరకడం కష్టం, దొరికినా ధర ఎక్కువ.

1993లో చెలామణిలోకి వచ్చిన 50 ఫ్రాంకుల నోటు మీద రచయిత సెయింట్ ఎగ్జుపరీ, ఆయన సృష్టించిన చిన్ని రాకుమారుడు, విమానం ఉంటాయి. మొదటి నోట్లలో ఆయన పేరులోని పెద్ద ‘E’ అక్షరం నెత్తిన ఉండకూడని గీత పడింది. దాన్ని తర్వాత దిద్దారు. తేడా పట్టుకోవడానికి నోటు మీది సంవత్సరం చూడండి: 1992, 1993 అని ఉంటే తప్పు అచ్చు.

కొనేటప్పుడు మెరుపుకు మోసపోకండి. కడిగి, ఇస్త్రీ పెట్టిన నోటు చదునుగా ఉంటుంది కానీ కాగితంలో బిగువు ఉండదు. దీపం కింద ఏటవాలుగా తిప్పితే పాత మడతల గీతలు బయటపడతాయి. నా లెక్కలో అలాంటి నోటు కంటే నాలుగు మడతలు, రెండు చిల్లులు ఉన్న నిజమైన నోటే మేలు. అది బజారు చూసిన నోటు.

ఈ నోట్లకు మారకపు విలువ ఇప్పుడు లేదు. ఫ్రెంచి కేంద్రబ్యాంకు 2012 ఫిబ్రవరి 17తో చివరి ఫ్రాంకు నోట్ల మార్పిడిని కూడా ముగించేసింది. ఫ్రాంకు స్థానంలో వచ్చిన యూరో నోట్లలో కిటికీలు, ద్వారాలు, వంతెనలే తప్ప రచయితలు లేరు. కొత్తగా మొదలుపెట్టేవారికి వోల్టేర్ నోటు మంచిది. వాడిన నోటయితే తక్కువ ధరకే దొరుకుతుంది. కొన్నాక వోల్టేర్ పుస్తకం ఒకటి చదవండి, ఒక దేశం ఆయన బొమ్మను జేబులో పెట్టుకుని ఎందుకు తిరిగిందో అర్థమవుతుంది.