పండుగ ప్రయాణంలో నడుము జాగ్రత్త

చర్ల నుండి భద్రాచలానికి దుమ్ముగూడెం మీదుగా సుమారు 60 కిలోమీటర్ల దారి. శ్రీరామనవమికి, ముక్కోటి ఏకాదశికి ఈ దారిన స్వామి సన్నిధికి చేరే భాగ్యం నాకు అనేక పర్యాయములు లభించింది. అయితే ఒక నవమినాడు మిథిలా స్టేడియం వరకు వెళ్లి కూడా కల్యాణం చూడలేక, చెట్టు నీడన వెల్లకిలా పడుకొని మంగళవాద్యములు మాత్రమే విన్నాను. అన్నదానానికి తెచ్చిన బియ్యపు మూటను మోకాళ్లు వంచక, నడుము వంచి, ప్రక్కకు తిరుగుతూ బస్సు నుండి దించుటయే అందుకు కారణం.

వెన్నుపూసల నడుమ మెత్తని డిస్కులు ఉంటాయి. ముందుకు వంగి, నడుమును మెలిత్రిప్పుతూ బరువెత్తితే వాటిపైన, చుట్టూ ఉన్న కండరాలపైన ఒత్తిడి మిక్కుటమవుతుంది. కనుక మూటను ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచి, దానిని పొట్టకు దగ్గరగా పట్టుకొని లేవాలి. తిరగవలసివస్తే పాదాలతో తిరగాలి. సామాను రెండు సంచులలో సమంగా సర్దుకోవాలి. చంటిబిడ్డను ఎంతసేపూ ఒకే చంకన ఎత్తుకోరాదు.

గోటితో వడ్లు ఒలిచి తలంబ్రాల బియ్యం సిద్ధపరచే భక్తులు గంటల తరబడి తలవంచి కూర్చుంటారు. వారు గోడకు ఆనుకొని, పళ్లెమును ఎత్తైన పీటపై ఉంచుకొంటే మెడకు శ్రమ తగ్గుతుంది. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయాలి. కల్యాణ ప్రాంగణంలో కూర్చొనేవారికీ, క్యూలో నిలిచేవారికీ ఇదే సూత్రం: ఒకే భంగిమలో ఎక్కువసేపు ఉండరాదు. నిలుచున్నప్పుడు బరువును ఒక కాలి నుండి మరొక కాలికి మార్చుకొంటూ ఉండాలి.

సాష్టాంగ నమస్కారం చేసేటప్పుడు మొదట మోకాళ్లు, పిదప చేతులు నేలకు ఆన్చాలి. లేచేటప్పుడు ప్రక్కకు ఒత్తిగిలి, చేతుల ఊతతో లేవాలి. నొప్పి ఉన్నవారు నిలుచుండి చేతులు జోడించినా చాలును. స్వామి చూచేది భక్తినే.

నడుము పట్టినవారు రోజుల తరబడి మంచం పట్టరాదు. ఓర్చుకోగలిగినంత మెల్లగా నడవడమే మేలు. కాలు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మలమూత్రములపై అదుపు తప్పినా తిరుగు ప్రయాణం వరకు ఆగక వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మరుసటి ఏడు నేను మూటను ఇద్దరి సాయంతో దింపించి, కల్యాణమును కన్నులారా దర్శించాను. మీకును అట్టి దర్శనం కలగాలని శ్రీ సీతారామచంద్రస్వామివారిని ప్రార్థిస్తున్నాను.