షీట్ మెటల్ డిజైన్‌లో హోల్: మడత దాటితే కొలత మారుతుంది

శ్రీసిటీ అనగానే మనకి ఫోన్లే గుర్తొస్తాయి. 2015 ఆగస్టులో షావోమీ తన మొదటి మేడిన్ ఇండియా ఫోన్ రెడ్‌మీ 2 ప్రైమ్‌ని అక్కడి ఫాక్స్‌కాన్ ప్లాంట్‌లోనే చేయించింది. అదే శ్రీసిటీలో డైకిన్ ఏసీలు కూడా తయారవుతున్నాయి. ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌ని ఒకసారి దగ్గరగా చూడండి. దాని బాడీ అంటే రేకుని కట్ చేసి, మడిచి, స్క్రూలు బిగించిన డబ్బా. మీ పీసీ క్యాబినెట్ కూడా అదే జాతి. వీటన్నిట్లో ఎక్కువ తలనొప్పి పెట్టేది హోల్.

నేను రాసేది కోడ్. క్యాడ్ నేర్చుకున్నది టీవీ వెనక రాస్ప్‌బెర్రీ పై 5 పెట్టడానికి ఒక డబ్బా కావాల్సొచ్చి. 1.2 ఎంఎం సీఆర్ రేకు, ఒక ట్రే, దాని మీద ఒక మూత, అంతే. తిరుపతిలో లేజర్ కటింగ్, బెండింగ్ రెండూ చేసే షాపుకి ఫైల్ ఇస్తే చేసిస్తారు. కానీ ఒకసారి రేకు కోశాక అన్‌డూ ఉండదు, డబ్బులు పోయినట్టే.

ముందుగా, హోల్ కోసం ఉత్త సర్కిల్ గీసి కట్ చేయకండి. ఫ్యూజన్, సాలిడ్‌వర్క్స్, ఫ్రీక్యాడ్ అన్నిట్లో హోల్ అనే ఫీచర్ వేరేగా ఉంది. ఎం3 స్క్రూ, నార్మల్ ఫిట్ అని చెబితే 3.4 ఎంఎం అదే తీసుకుంటుంది. టీవీ వెనక వెసా 100 మౌంట్‌కి ఎం4, అంటే 4.5. లోతు విషయంలో మాత్రం జాగ్రత్త: మడిచిన మోడల్ మీద ‘త్రూ ఆల్’ పెడితే ఎదురు గోడకి కూడా బొక్క పడుతుంది. రేకు మందం వరకే కట్ అయ్యేలా పెట్టాలి.

ఇప్పుడు అసలు విషయం. లేజర్ పరిచిన రేకుని ఒకే దెబ్బకి కోస్తుంది. కాబట్టి ఒకే ముఖం మీదున్న హోల్స్ మధ్య దూరాన్ని కళ్ళు మూసుకుని నమ్మొచ్చు. పై బోర్డుకి 58 × 49 ఎంఎం దూరంలో నాలుగు హోల్స్, వెసాకి 100 × 100. ఇవన్నీ ట్రే అడుగునే ఉన్నాయి, కరెక్ట్‌గా కూర్చుంటాయి. తేడా వచ్చేది మడతకి ఇటొకటి అటొకటి ఉన్న హోల్స్‌తో.

మడిచినప్పుడు బయటి వైపు సాగుతుంది, లోపలి వైపు నొక్కుకుపోతుంది. మధ్యలో ఎక్కడో సాగని పొర ఒకటుంటుంది. అదెక్కడుందో సాఫ్ట్‌వేర్‌కి చెప్పే అంకెనే కే ఫ్యాక్టర్ అంటారు. మన రేకుకి లోపలి రేడియస్ 1.2 అనుకుంటే, 90 డిగ్రీల మడతకి పట్టే రేకు కే 0.33 అయితే 2.51 ఎంఎం, కే 0.5 అయితే 2.83. ఒక్క మడతకే 0.3 తేడా. ట్రేలో ఒక మడత, మూతలో ఒక మడత, కలిపితే 0.6 దాకా పోవచ్చు. 3.4 హోల్‌లో ఎం3 స్క్రూకి ఉన్న మొత్తం ఖాళీ 0.4. స్క్రూ దూరదు.

అందుకే మూత గోడల మీద నేను గుండ్రటి హోల్స్ పెట్టను. తేడా వచ్చే దిక్కులో సాగదీసిన స్లాట్ పెడతాను, 3.4 వెడల్పు, 5 పొడవు. చూడ్డానికి కొంచెం చీప్‌గా ఉంటుంది, ఒప్పుకుంటా. కానీ ఏసీ ప్యానెల్స్‌లో, పీసీ క్యాబినెట్లలో స్లాట్లు ఎన్ని ఉంటాయో ఈసారి లెక్కపెట్టండి. కే ఫ్యాక్టర్ ఎంత పెట్టాలో మాత్రం యూట్యూబ్‌ని కాదు, రేకు మడిచే మనిషిని అడగాలి. వాళ్ళ డై, వాళ్ళ మెషీన్‌ని బట్టి అది మారుతుంది.

ఇంకో రూల్ ఆ మడిచే ఆయన నోటే విన్నాను. స్క్రీన్ మీద ఒక ఫైల్ చూపించి, “తమ్ముడూ, ఈ హోలు మడతకి ఆనుకోనుండాది, గుడ్డు మాదిరి సాగిపోతాది” అన్నాడు. కారణం సింపుల్. కింద వీ ఆకారపు డై నోరు మామూలుగా రేకు మందానికి 8 రెట్లు, అంటే మనకి 10 ఎంఎం దగ్గర. ఆ నోటి మీద ఉన్న హోల్‌కి కింద ఆధారం ఉండదు, లాగేస్తుంది. వాడుకలో ఉన్న లెక్క: హోల్ అంచు నుంచి పక్క గోడ లోపలి ముఖానికి కనీసం రెండు మందాలు, ప్లస్ రేడియస్. మనకి 3.6 ఎంఎం. నేనైతే 5 వదిలేస్తాను.

కేబుల్ కోసం మడత మీదుగానే కటౌట్ కావాలంటే అన్‌ఫోల్డ్ చేసి, కట్ చేసి, మళ్ళీ ఫోల్డ్ చేయండి. ఫ్లాట్ ప్యాటర్న్ మీద నేరుగా కట్ చేస్తే ఆ కటౌట్ మడిచిన మోడల్‌లో కనిపించదు, రెండూ రెండు దారులైపోతాయి.

రేకులోనే మరలు కోయాలనే ఆలోచన వదిలేయండి. ఎం3 పిచ్ 0.5, 1.2 రేకులో రెండు మరలే పడతాయి, నాలుగుసార్లు విప్పితే జారిపోతాయి. రివెట్ నట్ వేయించి, హోల్ సైజు దాని ప్యాకెట్ మీద చూసి పెట్టండి.

పౌడర్ కోటింగ్ చేయించేవాళ్ళకి ఒక మాట: కోటింగ్ 60 నుంచి 80 మైక్రాన్లు ఉంటుంది, హోల్ లోపల రెండు వైపులా పడుతుంది. టైట్‌గా ఉండాలని 3.2 పెట్టిన హోల్ 3.05 దగ్గరికొస్తుంది. కోటింగ్ ఉంటే 3.4కి తగ్గకండి.