ఉపాధ్యాయ వృత్తి - విద్యాఋణ విముక్తి

పాఠము చెప్పియు అప్పు తీర్చవచ్చునని మన దేశము ఒకప్పుడు అంగీకరించినది. 1963-64లో కేంద్ర ప్రభుత్వము జాతీయ ఋణ విద్యార్థివేతన పథకమును ప్రారంభించి, ప్రతిభగల పేద విద్యార్థులకు వడ్డీలేని అప్పు ఇచ్చినది. ఆ విద్యార్థి ఉపాధ్యాయుడైనచో, పనిచేసిన ప్రతి సంవత్సరమునకు అప్పులో పదవ వంతు రద్దగుచుండెను. అనగా 2,000 రూపాయలు తీసుకొన్నవానికి ఏటా 200 రూపాయల చొప్పున 10 సంవత్సరములలో ఋణము పూర్తిగా తీరును. అమెరికాలో 1958 నాటి జాతీయ రక్షణ విద్యాచట్టము ఐదేండ్ల బోధనకు సగము అప్పును మాత్రమే రద్దుచేసినది. ఆ విషయమున మన పథకమే ఉదారమైనది. (ఉద్యోగము దొరికిననే గదా ఈ లాభము!)

ఆ పథకము నేడు లేదు. 2009లో వచ్చిన కేంద్ర వడ్డీ రాయితీ అర్హులైన పేదలకు చదువుకాలపు వడ్డీనీ, ఆపై ఒక సంవత్సరపు వడ్డీనీ భరించునదే; అసలు మాత్రము విద్యార్థియే తీర్చవలెను. నెమలి వంటి గ్రామము నుండి వచ్చి, అప్పుచేసి బి.ఎడ్. చదివిన బాలిక డి.ఎస్.సి. ప్రకటనకై ఎదురుచూచుచుండగనే బ్యాంకు వాయిదాలు మొదలగును. కావున గ్రామ పాఠశాలలలో పనిచేయువారికైనను ఆ పదవ వంతు నిబంధనను పునరుద్ధరింపవలెనని మేము కోరుచున్నాము. నేటి అప్పులు బ్యాంకులవి గనుక, ఆ వంతును ఏటేటా ప్రభుత్వమే బ్యాంకునకు చెల్లింపవలసియుండును.